త్రాగుడు మానదలచినవారి కూటములు – వాటి పుట్టుకలో సంఘము పాత్ర

శతవార్షికోత్సవాల వేళ మనం బళ్ళనూ, ఆసుపత్రులనూ, వాటిని కట్టించిన పెద్దలనూ తలచుకుంటాము. శిలాఫలకం మీద పేరు చెక్కించుకోని ఒక కూటపు చరిత్రకు కూడ ఇటువంటి సంచికలో చోటుండాలి. అది త్రాగుడు మానదలచినవారి కూటం. దాని పుట్టుకలో సంఘమునకు చిన్నదే గాని విలువైన పాత్ర ఉన్నది.

పూర్వం త్రాగేవానికి సంఘం ఇచ్చిన మందు ముఖ్యంగా రెండే: మందలింపు, ప్రమాణం. 1840లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఆరుగురు త్రాగుబోతులు తాము ఇక త్రాగమని ప్రమాణపత్రం వ్రాసుకొన్నారు. వాషింగ్టోనియన్లని పేరు పెట్టుకొని, తమ కథలను తామే చెప్పుకొంటూ ఊరూరా తిరిగారు. కొద్ది సంవత్సరాలలోనే లక్షలాదిమంది ఆ పత్రంపై సంతకాలు చేశారు. తరువాత ఆ ఉద్యమం రాజకీయాలలోను, మద్యనిషేధ చట్టాలపై వచ్చిన వాదాలలోను చిక్కుకొని, పదేళ్ళయినా నిలువకుండానే చాలావరకు చల్లారిపోయింది.

1935 మే నెలలో న్యూయార్కుకు చెందిన విలియం విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణానికి వెళ్ళాడు. త్రాగుడు మాని అప్పటికి అయిదు నెలలే. వెళ్ళిన పని చెడింది. హోటలులో ఒక ప్రక్క మద్యశాల, మరొక ప్రక్క ఊరిలోని గుడుల జాబితా, టెలిఫోను. తనవంటి మరొక త్రాగుబోతుతో మాట్లాడితేనే తాను నిలువగలనని అతనికి తోచింది. జాబితా చూచి వాల్టర్ టంక్స్ అనే ఎపిస్కోపల్ గురువుగారికి ఫోను చేశాడు. ఆయన ముక్కూ మొహమూ తెలియని ఆ మనిషిని కసరలేదు, ప్రసంగం చేయలేదు. సహాయపడగలవారి పేర్లు కొన్ని ఇచ్చాడు. ఆ పేర్ల వెంబడి వెళ్ళగా మే 12, ఆదివారం సాయంకాలం డాక్టర్ రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు దొరికాడు.

పావుగంట మాట్లాడి వెళ్దామనుకొన్న డాక్టరు గారు రాత్రి చాలా ప్రొద్దుపోయేవరకు కూర్చున్నారు. ఉపదేశాలు ఆయన అదివరకు ఎన్నో విన్నారు. ఆ బాధ తాను పడి, దానిని గూర్చి చెప్పే మనిషి ఎదురుకావడం మాత్రం కొత్త. ఆయన కడసారి త్రాగిన జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు బయటపెట్టని మద్యవ్యసనుల సహవాసం, తన పుట్టినరోజుగా ఎంచుకొంటున్నది.

ఆ రోజులలో త్రాగుబోతును చేర్చుకోవడానికి ఆసుపత్రులు ఇష్టపడేవి కావు. 1939లో ఆక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యక, రిజిస్టరులో కడుపు జబ్బు అని వ్రాయించి, ఒక రోగికి చోటిచ్చింది. ఒక గురువు పేర్లిచ్చాడు, ఒక కన్యక మంచమిచ్చింది. కూటాన్ని నడపడం మాత్రం త్రాగుడు మానినవారి చేతిలోనే ఉన్నది.

మొదట వారు ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ సహవాసంలో భాగంగా కూడుకొన్నారు. 1939 నాటికి, ఏ మతస్థుడైనా రాగలిగేలా, విడిగా కూడుకోసాగారు. 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో పన్నెండు సంప్రదాయాలను అంగీకరించారు. సభ్యత్వానికి మానాలనే కోరిక తప్ప మరే అర్హత అక్కరలేదు, రుసుము లేదు, బయటివారి చందా పుచ్చుకోరు, మతశాఖలతో, రాజకీయాలతో పొత్తు లేదు. వాషింగ్టోనియన్లు పడిన గోతిలో తాము పడకుండ ఈ కట్టుబాట్లు వారిని కాపాడినవి. 1951లో త్రాగేవారి కుటుంబాలకు అల్‌అనాన్ ఏర్పడింది. 1957లో ఈ కూటములు మన దేశంలో ఆరంభమయ్యాయి.

మన తెలుగునాట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండవది సడలింది. చట్టం దుకాణాన్ని మూయగలదు, మరల తెరువగలదు. వ్యసనపడిన మనిషికి ప్రక్కన కూర్చుండే తోడు వేరే కావాలి.

అటువంటి కూటం ఎక్కడున్నదో తెలిసికొనుటకు సమీప ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగాన్ని గాని, వ్యసనవిముక్తి కేంద్రాన్ని గాని అడుగవచ్చు. 14446 అనే ప్రభుత్వ ఉచిత ఫోనులోను విచారించవచ్చు. బహిరంగ కూటానికి కుటుంబ సభ్యులూ వెళ్ళవచ్చు. మూసిన కూటం వ్యసనపడినవారికే. ఒక జాగ్రత్త: చాలాకాలంగా ఎక్కువగా త్రాగేవారు ఉన్నపాటున మానితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణాపాయం కూడ కలదు. కాబట్టి ముందుగా వైద్యుని చూడాలి. కూటం వైద్యానికి బదులు కాదు.

సంఘస్థులారా, మనలో త్రాగుడుకు లోనైన సోదరుడు మొదట గుడిలో వెనుక బల్లకు, తరువాత గేటు బయటికి జరుగుతాడు. అతని భార్య ఒంటరిగా ఆరాధనకు వచ్చి, అడిగినవారికి ఆయనకు ఒంట్లో బాగులేదని చెప్పుకొంటుంది. అతనిని గూర్చి మనం గుసగుసలాడినంత కాలం అతడు రాడు. వారానికి ఒక సాయంకాలం గుడి ఆవరణలోని ఒక గదిని నామమాత్రపు అద్దెకు అటువంటి కూటానికి ఇవ్వవచ్చును. ఎవరు వచ్చారో చూడకుండ, అక్కడ ఏమి మాట్లాడారో అడుగకుండ ఉండవచ్చును. గది ఇవ్వడం సులభమే. నోరు కట్టుకోవడమే మనకు అసలైన సేవ.