నాణెములపై సంవత్సరములు

శాసనము దేవాలయ స్తంభమునందే నిలిచియుండును. తాళపత్రము పండితుని గృహము దాటదు. నాణెమో సంతలోను, శిస్తు సంచిలోను, స్త్రీల కాసులపేరులోను తిరిగి సామాన్యుని చేతికి వచ్చిన చరిత్ర. అయినను దానిపై నున్న సంవత్సరమును ఉన్నది ఉన్నట్లు నమ్మరాదు. అది అచ్చువేసిన యేడు కాకపోవచ్చును. ఒక అంకెపై మరియొక అంకె పడియుండవచ్చును. చదువువాని కన్నే పొరబడవచ్చును.

మొదటి దానికి ఉదాహరణము మన ప్రాంతమున చెల్లిన ఆర్కాటు రూపాయయే. చెన్నపట్టణమున కంపెనీవారు వేసిన ఈ రూపాయలపై హిజరీ 1172 అనియు, రెండవ ఆలంగీరు ఏలుబడిలో 6వ యేడనియు ఉండును. ఆ పాదుషా 1759లో హతుడయ్యెను. అయినను 1835లో ఏకరూప నాణెముల చట్టము వచ్చువరకు ఆ పేరు, ఆ యేడు రూపాయపై నిలిచియే యున్నవి. అంకెను మాత్రమే నమ్మినచో డెబ్బదియైదేండ్ల పొరపాటు వాటిల్లును.

ఇట్లు సంవత్సరమును కదలనీయకుండుటకు కారణము కలదు. పాదుషా ఏలుబడిలో కొత్త యేడు రాగానే నిరుటి రూపాయకు షరాబులు వట్టము తీయుట వాడుక. వెండి తరుగకున్నను వెల తరుగుచుండెను. పన్ను కట్టవచ్చిన రైతు చేతిది పాత రూపాయ యైనచో నష్టము రైతునకే. ఈ బాధను మాన్పుటకే వంగదేశమున 1793లో షా ఆలము 19వ యేటి సిక్కా రూపాయను ప్రమాణముగా నిర్ణయించిరి. చూపునకు చిన్నదైన ఆ అంకెలో ఎందరి కష్టార్జితమో ఇమిడి యుండెనని పాఠకులు గ్రహింపవలెను.

విక్టోరియా రాణి రూపాయల విషయమును అట్టిదే. 1862 అను సంవత్సరముతోనే అవి 1874 వరకు వెలువడినవి. వానిలో సంవత్సరమునకు దాపున నున్న సన్నని చుక్కలను లెక్కించి పరిశోధకులు వేర్వేరేండ్ల అచ్చులను వేరుచేయుదురు. అరిగిన రూపాయపై ఆ చుక్కలే మొదట మాయమగును.

తిరువూరునకు పొరుగున నున్న మధిర, ఖమ్మము ప్రాంతములు 1948 వరకు నిజాము రాజ్యములోనివి. అచటి హాలీ సిక్కా రూపాయలు ఏడు, ఇచటి రూపాయలు ఆరింటికి సమానము. హాలీ నాణెములపై హిజరీ సంవత్సరము పారశీక అంకెలలో నుండును. ఆ అంకెలలో 7, 8 రెండును రెండు గీతల కోణములే. కోణపు మొన క్రిందికున్నచో 7, మీదికున్నచో 8. నాణెమును తలక్రిందుగా పట్టినచో ఒకటి మరియొకటి యగును. సున్న వట్టి చుక్క గనుక అలంకారపు చుక్కలలో కలిసిపోవును. హిజరీ యేడు చాంద్రమానము. ఇంచుమించు 354 దినములది. కావున 33 హిజరీ యేండ్లు మన 32 యేండ్లకు సరిపోవును.

ఇక అంకెపై అంకె. ఉక్కు అచ్చు చెక్కుట శ్రమతో కూడిన పని. యేడు మారినను పాత అచ్చు పదును చెడనిచో చివరి అంకెపై కొత్త అంకెను గ్రుద్ది వాడుట పాశ్చాత్య టంకసాలలలో కలదు. అమెరికాలో 1942 నాటి పది సెంట్ల నాణెములు కొన్నింటిపై, రెండేండ్ల ముద్రలును ఒకే అచ్చుపై పడుటచే, 2తో పాటు 1 కూడ కాననగును. నిజమైన దానిని గుర్తించుటకు రెండు పరీక్షలు. పాత అంకె అచ్చులోనే యున్నది గనుక నాణెముపై అదియు ఉబ్బెత్తుగనే యుండును. గీటు పడినచో పల్లముగా నుండును. అదే అచ్చున పడిన ఇతర నాణెములపైనను ఆ చిహ్నము అదే తావున కనబడవలెను. కావున ఒక్క నాణెమును చూచి తీర్పు చెప్పరాదు.

అచ్చును గాక నాణెమునే తిరిగి ముద్రించుటయు కలదు. 1906లో నాసిక మండలమున జోగల్తెంబి యొద్ద 13,250కి పైగా వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాత రాజగు నహపానునివి. వానిలో సుమారు 9,270 నాణెములపై శాతవాహన ప్రభువగు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను వేయించెను. క్రింది ముద్ర ముందటిది, పైముద్ర తరువాతిది. శాతకర్ణి క్షహరాతులను నిర్మూలించెనని గౌతమీ బాలశ్రీ నాసిక శాసనమున చెప్పినదానికి ఈ వెండి తుంపులే సాక్ష్యమిచ్చినవి. తల్లి ప్రశంసను శంకించువాడైనను లోహము చెప్పిన మాటను కాదనలేడు.

కావున పాత నాణెము కనబడగానే చింతపండుతో తోముట, ఇసుకతో రుద్దుట తగదు. మొదట తూనిక, కొలత, అంకెలు, అంచు గీతలు కాగితముపై వ్రాసికొని, పిమ్మట భూతద్దముతో పరిశీలింపవలెను. భూమిలో దొరకిన నిక్షేపము వెల పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేప చట్టము విధించుచున్నది. కరగించిన వెండికి తూనికను బట్టి వెల వచ్చును. దానితో పోయిన సంవత్సరము మాత్రము ఎవ్వరికిని తిరిగిరాదు.