అతిమధురం బిళ్ళ

ఇంగ్లండులో సైకిలు పందేలను ఓ గుర్రమూ, దాని వెనక బండిలో కూర్చున్న ఓ దొరసానీ కలిసి యాభై ఏళ్ళ పాటు పక్కదోవ పట్టించారంటే వినడానికి కట్టుకథలా వుంటుంది. జరిగింది మాత్రం దాదాపు అదే.

1894 జూలైలో లండను నుంచి ఉత్తరంగా పోయే పెద్ద రోడ్డు మీద యాభై మైళ్ళ పందెం నడుస్తోంది. బిడ్‌లేక్ అనే పెద్దమనిషి, మూడు చక్రాల సైకిలు తొక్కడంలో ఆ రోజుల్లో మొనగాడు, మరికొందరితో కలిసి ఓ గుర్రబ్బండిని దాటబోయాడు. గుర్రం బెదిరింది. పందెగాళ్ళు ఒకరి మీద ఒకరు కుప్పగా గోతిలో పడ్డారు. ఆవిడ తిన్నగా వెళ్ళి పోలీసులకు ఫిర్యాదు చేసింది. సైకిళ్ళ వాళ్ళంటే అప్పటికే గిట్టని వాళ్ళు చాలామంది వున్నారు. వాళ్ళ చేతికి ఇదో కర్ర దొరికింది. ఇంకా రచ్చయితే సైకిళ్ళనే రోడ్డెక్కనివ్వరేమోనని భయపడి, సైకిలు సంఘం పెద్దలే రోడ్డు మీద గుంపుగా పందెం వేయడం కూడదని కట్టడి చేసుకున్నారు.

గోతిలో పడ్డ బిడ్‌లేకే ఉపాయం కూడా చెప్పాడు. గుంపుగా వెళితేనే కదా గొడవ, ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో పంపుదాం, ఎవరు ఎంతసేపట్లో వచ్చారో గడియారం చూసి చెబుదాం అన్నాడు. 1895 అక్టోబరులో మొదటిసారి అలాగే జరిగింది. ఆ తర్వాత అదో రహస్య వ్రతంలా తయారైంది. పందెం తెల్లవారుజామున, పాలవాడు కూడా లేవని వేళ. పందెం రోడ్డుకి పేరు చెప్పరు, ఓ అక్షరమూ ఓ అంకే గుర్తు. పందెంలో వున్నట్టు కనబడకూడదని భుజాల నుంచి మడమల దాకా నల్లబట్టలు. దొంగతనానికి వెళ్ళేవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరేమో!

ఇలా ఒంటరిగా తొక్కినా వాళ్ళంతా క్లబ్బుల వాళ్ళే. గనుల్లో, మిల్లుల్లో, దుకాణాల్లో వారమంతా పనిచేసి, ఆదివారం కోసం కాచుకుని కూచునే మనుషులు. ఒకరు సమయం చూస్తారు, ఒకరు మలుపు దగ్గర నిలబడి దోవ చూపిస్తారు, ఇంకొకరు టీ కాస్తారు. గెలిస్తే ఓ పతకమో, చిన్న కప్పో. డబ్బు మాటే లేదు.

1942 జూన్‌లో, యుద్ధం మధ్య రోడ్లన్నీ మోటార్లు లేక బోసిపోయి వుండగా, పెర్సీ స్టాలర్డ్ అనే మొండిమనిషి ఈ కట్టడిని తెంచాడు. వేల్స్‌లోని లాంగోలెన్ నుంచి తన వూరు వూల్వర్‌హాంప్టన్ దాకా నలభై మందిని ఒక్కసారే వదిలాడు. పోలీసులు అడ్డు చెప్పకపోగా సాయం చేశారు. అడ్డు చెప్పింది సైకిలు సంఘం! స్టాలర్డ్‌ని వెలివేసింది. ఆయన వేరు కుంపటి పెట్టాడు. ఈ రెండు కుంపట్లూ 1959 దాకా కలవలేదు. సైకిలు కోసం ఇంత కాపురమా అనిపిస్తుంది గానీ, మనవాళ్ళు రథం మోకు ఎవరు పట్టుకోవాలన్న దానికి తరాల తరబడి మాట్లాడుకోకుండా వుండటం లేదూ?

సరిగ్గా ఆ 1959 లోనే, యార్క్‌షైర్‌లోని మోర్లే సైకిలు క్లబ్బుకు చెందిన ఇరవై రెండేళ్ళ ఇల్లాలు, మూడేళ్ళ పిల్ల తల్లి, ప్రపంచ ఛాంపియన్ అయింది. పేరు బెరిల్ బర్టన్. నేను అసలు చెప్పదలుచుకున్నది ఈవిడ గురించే.

మా పెద్దమ్మాయి ఉద్యోగరీత్యా లీడ్స్‌లో వుండగా మూడు నెలలు అక్కడ వున్నాను. పక్కనే మోర్లే. ఆ వూళ్ళో ఈవిడ పేరుతో ఓ చిన్న పార్కు వుంది, గోడ మీద సైకిలు తొక్కుతున్న బొమ్మ. రాణీగారిదో, సేనానిదో బొమ్మ వుండాల్సిన చోట ఈవిడెవరా అని ఆరా తీస్తే తెలిసిన కథ ఇది.

1937 లో లీడ్స్‌లోనే పుట్టింది. అక్కడి పిల్లలకి పదకొండో ఏట ఓ పరీక్ష వుండేది. అది తప్పితే పెద్ద చదువు లేనట్టే. బెరిల్ తప్పింది. ఆ దిగులుతో పాటే కీళ్ళవాత జ్వరం పట్టుకుంది. గుండెని కూడా వదలని జ్వరం అది. నెలల తరబడి ఆస్పత్రిలోనే. ఇంటికి పంపుతూ డాక్టర్లు, ఒళ్ళు అలిసే పనులేవీ చేయకూడదమ్మా అని మరీ మరీ చెప్పారు. ఇలాంటి పిల్ల మనింట్లో వుంటే బిందెడు నీళ్ళు కూడా మోయనిస్తామా?

పనిచేసే చోట చార్లీ బర్టన్ పరిచయమయ్యాడు. ఆయనకి సైకిలు పిచ్చి. క్లబ్బు వాళ్ళతో ఆదివారాలు తిరగడానికి ఈ పిల్లనీ తీసుకెళ్ళేవాడు. మొదట్లో మగవాళ్ళ వెనక రొప్పుతూ వెళ్ళేది, గాలి ఎక్కువైతే వాళ్ళు వీపు మీద చెయ్యి వేసి తోసేవాళ్ళు. కొన్నాళ్ళకి పక్కన వచ్చింది. ఇంకొన్నాళ్ళకి ముందుంది. 1955 లో పెళ్ళి, 1956 మొదట్లో కూతురు డెనీస్. 1957 లో నూరు మైళ్ళ జాతీయ పందెంలో రజతం. పసిపిల్లని ఎవరు చూశారని మీకు సందేహం రావచ్చు, నాకూ వచ్చింది. చార్లీ చూశాడు. పిల్లనీ ఆయనే చూసుకుని, సైకిలూ ఆయనే బాగుచేసి, దారిపక్క నిలబడి నీళ్ళ సీసా కూడా ఆయనే అందించాడు. తనకన్నా భార్య గట్టిదని తెలిశాక పందేలు ఆవిడకి వదిలేసి పనులు తను పంచుకున్నాడు. ఆ కాలంలో అలాంటి మగవాడు ఇంగ్లండులోనైనా వీధికొకడు లేడు.

పేరున్న సైకిలు కంపెనీ డబ్బిచ్చి తమ తరఫున తొక్కమని అడిగితే బెరిల్ ఒప్పుకోలేదు. డబ్బు పుచ్చుకుంటే తన క్లబ్బువాళ్ళతో ఆదివారం పందేలు వుండవు. మరి ఇల్లు గడవద్దూ? క్లబ్బులోనే నిమ్ కార్లైన్ అని ఓ రైతు వుండేవాడు, తను కూడా ఇరవై నాలుగు గంటల పందేల్లో ఛాంపియను. అతని పొలంలో కూలిపనికి కుదిరింది. పండించేది రుబార్బ్. చూడ్డానికి ఎర్రటి పొడుగాటి కాడలు, నోట్లో వేసుకుంటే పళ్ళు పులిసిపోతాయి. మన చుక్కకూరదీ దానిదీ ఒకే కుటుంబమట. మా అమ్మాయి ఓసారి వండితే, ఇందులో కాస్త కందిపప్పు వేస్తే బాగుండునే అన్నాను. దాన్ని చలికాలంలో చీకటి పాకల్లో పెంచి, వెలుగు తగలకుండా కొవ్వొత్తి పెట్టుకుని కోస్తారు. అంతకన్నా ముందు బరువైన ఆ దుంపల్ని పొలంలో తవ్వి మోసుకురావాలి. డాక్టర్లు బరువులు ఎత్తొద్దన్న మనిషి చేసిన పని ఇది. గడ్డకట్టే చలిలో రోజంతా తవ్వి, ఆ తర్వాత ఇంటికొచ్చి సైకిలెక్కేది.

ఇక అందరూ చెప్పుకునే 1967 సంగతి. సెప్టెంబరు మొదట్లో హాలెండులో రెండోసారి రోడ్డు మీద ప్రపంచ ఛాంపియన్ అయింది. రెండు వారాలకి, 17వ తేదీన, యార్క్‌షైర్‌లో ఓట్లీ క్లబ్బు వాళ్ళు పెట్టిన పన్నెండు గంటల పందెం. పన్నెండు గంటల్లో ఎవరు ఎంత దూరం వెళితే అంత. ముందు మగవాళ్ళు ఒక్కొక్కరే బయల్దేరారు. ఆఖరివాడు మైక్ మెక్‌నమారా. ఆయన వెళ్ళిన రెండు నిమిషాలకి బెరిల్ బయల్దేరింది.

పొద్దుటి నుంచి ఆవిడ వాళ్ళని ఒక్కొక్కరినే దాటుతూ వచ్చింది. చివరకి ముందున్నది మెక్‌నమారా ఒక్కడే. ఆయన కూడా సామాన్యుడు కాడు, ఆ రోజు మగవాళ్ళ రికార్డునే బద్దలుకొట్టే వేగంతో వెళుతున్నాడు. ఇద్దరూ రెండొందల ముప్పై అయిదు మైళ్ళ దాకా తొక్కాక ఆయన వీపు ఎదురుగా కనబడింది. పాపం, ఆయన జీవితంలో గొప్పరోజు, దాన్నిలా పాడుచేస్తున్నానే అనిపించిందని తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది. ఏదో ఒకటి పలకరించాలి. ఏమని పలకరిస్తుంది? జేబులో చెయ్యి పెట్టి, రంగురంగుల అతిమధురం బిళ్ళ ఒకటి తీసి అందించింది. మనం దగ్గుకి చప్పరిస్తామే, ఆ అతిమధురమే. అక్కడ పంచదార ముద్దతో పొరలుపొరలుగా చేసి మిఠాయిలా అమ్ముతారు. ఆయన మర్యాదగా పుచ్చుకుని నోట్లో వేసుకున్నాడు. ఆవిడ ముందుకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మెక్‌నమారా 276.52 మైళ్ళు వెళ్ళి మగవాళ్ళలో కొత్త రికార్డు పెట్టాడు. బెరిల్ 277.25. అంటే ముప్పావు మైలు దాకా ఎక్కువ. మగవాళ్ళెవరైనా ఆ దూరాన్ని దాటడానికి 1969 దాకా పట్టింది. ఆడవాళ్ళలో 2017 దాకా ఎవరివల్లా కాలేదు. యాభై ఏళ్ళు!

ఇంత మనిషి ఒలింపిక్సుకి ఎందుకు వెళ్ళలేదంటారా? అక్కడ ఆడవాళ్ళకి సైకిలు పందెమే లేదు. మొదటిసారి పెట్టింది 1984 లో, లాస్ ఏంజిలిస్‌లో. అప్పటికి ఈవిడకి నలభై ఏడేళ్ళు. ప్రపంచ పోటీల్లో ఏడు స్వర్ణాలు, స్వదేశంలో తొంభైకి పైగా జాతీయ టైటిళ్ళు, 1959 నుంచి 1983 దాకా వరసగా ఇరవై అయిదేళ్ళు ఆడవాళ్ళలో ఉత్తమ సైక్లిస్టు. ఇవన్నీ పెట్టుకుని కూడా ఆ ఒక్క గుమ్మం తొక్కలేకపోయింది.

నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది మాత్రం ఇంకో సంగతి. కూతురు డెనీస్ కూడా సైకిలెక్కింది. 1972 లో తల్లీ కూతుళ్ళిద్దరినీ బ్రిటన్ తరఫున ప్రపంచ పోటీకి ఎంపిక చేశారు. 1975 లో డెనీస్ సొంతంగా ప్రపంచ కాంస్యం తెచ్చుకుంది. ఇక 1976 జాతీయ రోడ్డు పందెం. ఇది ఒంటరి పందెం కాదు, గుంపు పందెం. ఇందులో కిటుకు గాలిదే. ముందున్న మనిషి గాలిని చీలుస్తుంది, వెనక అంటిపెట్టుకున్న మనిషికి ఆ శ్రమలో పావు వంతుకి పైగా కలిసొస్తుంది. అందుకని కలిసి వెళ్ళేవాళ్ళు వంతులేసుకుంటారు. ఒకే రోట్లో రెండు రోకళ్ళు పడ్డట్టు, నువ్వు కాసేపు, నేను కాసేపు. వంతు ఎగ్గొట్టి వెనక దాక్కుని చివర్లో దూకడం చట్టప్రకారం తప్పు కాదు. కానీ మనసులో తప్పే.

ఆనాడు చివరికి కొద్దిమందే మిగిలారు, వాళ్ళలో తల్లీ కూతుళ్ళున్నారు. గీత దగ్గరికి వచ్చేసరికి డెనీస్ విజృంభించి తల్లిని దాటి గెలిచింది. ఆ పిల్లకి ఇరవై ఏళ్ళు, తల్లికి ముప్పై తొమ్మిది. బహుమతుల అరుగు మీద బెరిల్ కూతురికి చెయ్యి కలపలేదు.

వంతుకి రాలేదనీ, గాలంతా తను కాస్తే పిల్ల ఒళ్ళు దాచుకుందనీ ఆవిడ కోపం. మొదట చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. కన్నకూతురు గెలిస్తే ఎత్తుకుని ముద్దాడాల్సిన తల్లి! తర్వాత ఆలోచిస్తే, అక్కడున్న మనిషి తల్లి కాదేమోననిపించింది. సాటి క్లబ్బు మనిషికి ఏ లెక్క చెబుతుందో, కూతురికీ అదే చెప్పింది. వంట మనం చేసి పేరు పిల్లలకొస్తే పొంగిపోవాలని మనకి నేర్పారు. బెరిల్‌కి ఎవరూ నేర్పినట్టు లేదు. అలాగని ఆవిడ చేసింది బాగుందని అననుగాక అనను. పదేళ్ళకి, 1986 లో ఆత్మకథ రాస్తూ ఆవిడా అనలేదు. అది తగని పనేనని, ఆ రోజు తను తనలా లేనని ఒప్పుకుంది.

అరుగు మీద నిలబడ్డ ఆ పిల్ల గురించి ఎంత ఆలోచించినా నాకు తెగలేదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మాటలా? ఇద్దరూ అదే ఆటలో వుండాలి, అవే రోడ్లెక్కాలి. మధ్యన ఆ చార్లీ ఒకడు, రెండు సైకిళ్ళకీ నూనె వేసేవాడు.

ఎలా సర్దుకున్నారో గానీ, 1982 లో తల్లీ కూతుళ్ళు ఇద్దరు తొక్కే జంట సైకిలెక్కి, పది మైళ్ళు 21 నిమిషాల 25 సెకన్లలో వెళ్ళి ఆడవాళ్ళ రికార్డు పెట్టారు. జంట సైకిలు మీద ఇద్దరి పెడళ్ళకీ కలిపే గొలుసు వుంటుంది. వంతుల్లేవు, ఒకరు తొక్కితే రెండోవారి కాళ్ళు తిరగాల్సిందే.

1996 మే 5న, యాభై తొమ్మిదో పుట్టినరోజు వారం రోజుల్లో వుందనగా, ఆ వేడుకకి స్నేహితుల్ని పిలవడానికి శుభలేఖలు తీసుకుని బెరిల్ సైకిలు మీద బయల్దేరింది. దారిలోనే గుండె ఆగిపోయింది.