గూడబాతుల చెరువు

గూడ అనగా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలిచి, తాళ్ళతో ఊపుతూ పొలానికి నీరు తోడే బుట్ట. ముక్కు క్రింద అటువంటి సంచి వ్రేలాడుతున్నది కనుకనే మన పెద్దలు ఈ పక్షిని గూడబాతు అన్నారని నాకు తోస్తున్నది. పేరులోనే సేద్యమున్నది. దాని చరిత్ర కూడా సేద్యపు చెరువుతోనే ముడిపడినది.

మొన్న నేలపట్టుకు బయలుదేరినప్పుడు ఒక పూర్వవిద్యార్థి అడిగాడు: "78 టీఎంసీలు పట్టే సోమశిల మన ముంగిట ఉండగా, దొరవారిసత్రం దాకా ఎందుకండీ, అయ్యవారూ?" మంచి ప్రశ్నే. అయితే గూడు కట్టే పక్షి నీటి రాశిని చూడదు, నీటిలో నిలిచిన చెట్టును చూస్తుంది. నేలపట్టు చెరువులో నెలల తరబడి మునిగియున్నా బ్రతికే కడపచెట్లున్నాయి. ఈశాన్య ఋతుపవనపు వానకు చెరువు నిండితే వాటి చుట్టూ నీరే కందకమవుతుంది. మేతకు పులికాటు సరస్సు చేరువలోనే ఉన్నది. అందుకే అక్టోబరు మొదలు మార్చి వరకు గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు ఒకే కొమ్మపై కాపురముంటాయి.

1976లో ప్రభుత్వము 458.92 హెక్టార్ల ఈ చోటును పక్షుల రక్షితకేంద్రముగా ప్రకటించింది. 2022 వరకు మన నెల్లూరు జిల్లాలోనిది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. చట్టము రాకమునుపు దానిని కాచినది ఊరి నమ్మకము. పక్షులు వస్తే వానలు వస్తాయనీ, రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు బలమనీ రైతులు వాటి జోలికి పోలేదు.

అన్నిచోట్లా ఇట్లా జరుగలేదు. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలోని ఒక పల్లెలో, ఊరి చెట్లమీదనే గూడబాతుల పెద్ద కాలనీని చూచాడు. కొన్ని దశాబ్దాలకే అది అంతరించింది. కొల్లేరును చేపలచెరువులు ఆక్రమించాయి. 1999లో అది అభయారణ్యమైనా, 2006లో గట్లు తెగగొట్టే దాకా సరస్సుకు ఊపిరాడలేదు. అక్కడి ఆటపాకలో నేటికీ గూడబాతులు మనుషులు నాటిన ఇనుప మంచెలమీద పిల్లలను పెంచుతున్నాయి. ఆ మాత్రమైనా దక్కినందుకు సంతోషమే.

కాని మిత్రులారా, పోయిన సరస్సును తిరిగి తెచ్చుట కన్న ఉన్న చెరువును నిలుపుకొనుట సులభము. ఆత్మకూరు, ఉదయగిరి సీమలో పూడిపోతున్న చెరువులెన్నో ఉన్నవి. పూడిక తీసేనాడు గట్టువార నాలుగు నీటిచెట్లను నరకక వదలండి. అతిథులు తామే వస్తారు.