మందు లేని సూది: నొప్పి తగ్గించింది ఎవరు?

మాది బహదూర్‌పల్లి. ఒకవైపు జీడిమెట్ల ఫ్యాక్టరీలు, ఇంకోవైపు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఊళ్లోనే సాఫ్ట్‌వేర్ క్యాంపస్. మెషీన్ దగ్గర నిలబడేవాళ్లకి నడుంనొప్పి, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి మెడనొప్పి. నేను రెండో బ్యాచ్.

పోయినేడు నా కుడి భుజం పట్టేసింది. ఫిజియోథెరపిస్ట్ మేడమ్ వెంట్రుకలాంటి సన్నటి సూది తీసి, కండరం ముడిలా గట్టిపడ్డ చోట గుచ్చారు. గాలానికి చేప తగిలినట్టు కండరం ఒక్కసారి ఎగిరిపడ్డది. దీన్నే డ్రై నీడ్లింగ్ అంటారు. ఇంటికొచ్చి చెప్తే నాన్న అడిగిండు: "సూదిల ఏం మందేసిండ్రు రా?"

"ఏం వెయ్యలే నాన్న, ఉట్టి సూదే."

"మరి పైసలెందుకు తీసుకున్నరు?"

నవ్వకండి. మన దగ్గర సూది అంటేనే మందు. జ్వరమొచ్చి ఆర్ఎంపీ దగ్గరికి పోతే, గోలీలిచ్చి పంపిస్తే చాలామందికి తృప్తి ఉండదు. నాన్న అడిగిన ప్రశ్న చుట్టూనే డ్రై నీడ్లింగ్ చరిత్ర మొత్తం తిరుగుతుంది. తగ్గించేది మందా, సూదా?

1892లో విలియం ఆస్లర్ అనే పెద్ద డాక్టర్ తన వైద్య పుస్తకంలో, నడుం పట్టేస్తే పొడవాటి సూదులు నొప్పి ఉన్నచోట గుచ్చి కాసేపు ఉంచి తీసేయమని రాశాడు. ఆడవాళ్లు టోపీకి పెట్టుకునే సూదులైనా శుభ్రం చేస్తే పనికొస్తాయన్నాడు! దయచేసి ఇంట్లో ట్రై చేయకండి.

తర్వాత ఆ సూదిలోకి మందు వచ్చింది. 1938లో లండన్‌లో కెల్‌గ్రెన్ అనే డాక్టర్ కండరాల్లోకి గాఢమైన ఉప్పునీళ్లు ఎక్కించి చూస్తే, గుచ్చింది ఒకచోట అయితే నొప్పి ఇంకోచోట తెలిసింది. మెడ కండరం పట్టేస్తే తలనొప్పి రావడం అట్లాంటిదే. అమెరికాలో జానెట్ ట్రావెల్ ఈ దారిలోనే ముందుకెళ్లి, అట్లాంటి చోట్లను ట్రిగ్గర్ పాయింట్లు అన్నారు. వాటిలో ప్రొకెయిన్ అనే మత్తుమందు ఎక్కించేవారు. 1955లో ఆమె దగ్గరికి నడుంనొప్పితో వచ్చిన సెనేటర్ పేరు జాన్ కెనెడీ. 1961లో ఆయన ప్రెసిడెంట్ అయ్యాక ఆమెను తన డాక్టర్‌గా పెట్టుకున్నాడు. ఆ పదవిలో మొదటి మహిళ ఆమెనే. క్రెడిట్ మాత్రం చాలావరకు మందుకే పోయింది.

1979లో కథ తిరగబడింది. చెక్ డాక్టర్ కారెల్ లెవిట్ 241 మంది పేషెంట్లలో 312 నొప్పి చోట్ల ఏ మందూ లేకుండా సూది గుచ్చి, దాదాపు 87 శాతం సార్లు వెంటనే నొప్పి తగ్గిందని రాశాడు. మరుసటి ఏడాది డెన్మార్క్ డాక్టర్లు కొందరికి మత్తుమందు, కొందరికి ఉట్టి సెలైన్ ఎక్కించారు. ఎవరికి ఏది ఇచ్చారో పేషెంట్లకీ తెలీదు, ఇచ్చేవాళ్లకీ తెలీదు. సెలైన్ వాళ్లే కొంచెం ఎక్కువ హాయిగా ఉన్నారు.

అంటే సూదే గెలిచిందా? నన్నడిగితే తొందరపడొద్దు. లెవిట్ పోల్చి చూడటానికి సూది గుచ్చని గ్రూపు పెట్టుకోలేదు. డెన్మార్క్‌లో అందరికీ సూది పడింది. గుచ్చారన్న నమ్మకమే పని చేసిందేమో? సినిమాల్లో పొడిస్తే లోపలికి పోయే కత్తి ఉంటుంది కదా, 1998లో జర్మనీ డాక్టర్లు అచ్చం అట్లాంటి డమ్మీ సూది చేశారు. ఆక్యుపంక్చర్ పరీక్షల కోసం చేసిందే అయినా, అసలు సూదిని డమ్మీతో పోల్చే పద్ధతి డ్రై నీడ్లింగ్‌కీ వచ్చింది. ఇప్పటిదాకా తేలిందేంటంటే, మెడ, భుజం నొప్పికి కొన్ని వారాల ఉపశమనం దొరకొచ్చు. నెలల తరబడి చూస్తే వ్యాయామం కంటే మేలని చెప్పే గట్టి ఆధారం లేదు.

ఇంకోటి. భుజం పైభాగం కిందనే ఊపిరితిత్తి కొస ఉంటుంది. సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. అరుదే, కానీ జరిగింది. గుచ్చాక ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే రేపు చూద్దాం అనుకోకుండా ఎమర్జెన్సీకి పోవాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు సూదికి ముందే చెప్పాలి. గుచ్చేవాళ్లని ఎక్కడ నేర్చుకున్నారని అడగడానికి మొహమాటం వద్దు. నేనైతే అడిగాను.

కెనెడీ దగ్గరికి మళ్లీ వస్తే, ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు పడుతుంటే మిగతా డాక్టర్లకి భయమేసింది. 1961 చివర్లో హాన్స్ క్రాస్ అనే డాక్టర్‌ని పిలిపించారు. ఆయన ప్రెసిడెంట్ చేత కసరత్తు చేయించాడు, నడుం కుదుటపడింది.

నాకూ అంతే. మూడు సిట్టింగుల తర్వాత మేడమ్ సూదులు ఆపేసి, చేతికి ఒక రబ్బరు బ్యాండ్ ఇచ్చి రోజూ లాగమన్నారు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్ల గూడ మందు లేదు కదరా" అన్నడు.