ఐదో వాటా, అర్థశాస్త్రం చదువు

1926లో కోయంబత్తూరు పక్కన పీలమేడులో ఒక పంపకం జరిగింది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారికి కొడుకులు నలుగురు. ఆస్తిని మాత్రం ఐదు వాటాలు వేసినారు. ఐదోది ధర్మానికి. పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ అట్ల పుట్టింది. 1947లో ఆర్ట్స్ కాలేజీ, 1951లో ఇంజినీరింగ్ కాలేజీ దాని కిందే వచ్చినాయి.

మన ఇళ్లలో ఈ కథను దానగుణానికి చెప్పుకుంటాం. దాంట్లో ఇంకో సంగతి ఉంది. బడి, ఆసుపత్రి, రోడ్డు అందరూ వాడుకునేవి. వాటికి ఖర్చు ఎవరు పెట్టాలి? ఆ అన్నదమ్ములు తమ ఆస్తిలోనుంచి పెట్టినారు. సర్కారు మన పన్నులోనుంచి పెడుతుంది. కాలేజీలో అర్థశాస్త్రం, ప్రభుత్వ విధానం తీసుకున్న పిల్లలు మూడేళ్లూ తిప్పి తిప్పి చదివేది ఇట్లాంటి ప్రశ్నలనే.

అయినా ప్లస్ టూ ముగించిన పిల్ల "ఎకనామిక్స్ చదువుతా" అంటే మన పెద్దలకు మనసు ఒప్పదు. ఇంజినీరింగ్ అయితే మిల్లు ఉంది, బీకాం అయితే ఆడిటర్ ఆఫీసు ఉంది, దీనికి ఏముంది అంటారు. బదులు మన చరిత్రలోనే ఉంది.

పాళెం, పత్తి, కరెంటు

మనవాళ్లు చాలామంది విజయనగర రాజుల, మదురై నాయకుల కాలంలో దక్షిణానికి వచ్చి నల్లరేగడి నేలల్లో నిలిచినారు. విశ్వనాథ నాయకుడి కాలంలో మదురై సీమను 72 పాళేలుగా ఏర్పాటు చేసినారని చెప్తారు. పాళెం అంటే మనకు వీరుల కథలే గుర్తు. పన్ను ఎవరు వసూలు చేయాలి, పటాలాన్ని ఎవరు పోషించాలి, ఊరి కావలి ఎవరిది అని తేల్చిన ఏర్పాటు కూడా అదే.

కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లును స్టేన్స్ దొర 1888లో పెట్టినాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్స్ మొదలైంది. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందినాక మిల్లులు వరసగా లేచినాయి. తాతల కష్టం, తెలివి కాదనేది లేదు. నీలగిరి నీళ్లతో కరెంటు తీయాలని మద్రాసు సర్కారు పూనుకోకపోతే ఆ కష్టం ఎంతదూరం పోయి ఉండేది?

అదే కరెంటు బావి మోటారుకూ వచ్చింది. తమిళనాట ఇప్పుడు సేద్యానికి కరెంటు ఉచితం. ఒక్కో రైతు తన బోరు ఇంకాస్త లోతుకు దించుకుంటాడు, అతని లెక్క అతనికి సరే. ఊరంతా అట్లే చేస్తే నీళ్లు అందరికీ కిందికి పోతాయి. ఒకరికి లాభమైనది ఊరికి ఎట్ల నష్టమవుతుందో, దాన్ని రైతు కడుపు కొట్టకుండా ఎట్ల సరిచేయాలో నేర్పే చదువు ఇది.

సొంత ఊరే పాఠం

మన సీమలో ఈ చదువుకు పాత వేరే ఉంది. 1915 చివర్లో గిల్బర్ట్ స్లేటర్ అనే ఇంగ్లీషాయన మద్రాసు విశ్వవిద్యాలయంలో మొదటి అర్థశాస్త్ర ప్రొఫెసరుగా వచ్చినాడు. పుస్తక పాఠంతో ఆగకుండా విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చి పల్లెలకు పంపినాడు. భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత అని వాళ్లు రాసుకొచ్చినదే 1918లో పుస్తకమైంది. అందులోని వడమలైపురం మదురైకి దక్షిణాన, ఇప్పటి విరుదునగర్ జిల్లాలో ఉంది. ఆ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో తెలుగు ఇళ్లు చాలా. 1930లలో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ ఆ పల్లెలను మళ్లీ పరిశీలించినారు. 1980లలో ఇంకోసారి జరిగింది. పల్లె ఎట్ల మారిందో నోటిమాటగా కాక లెక్కగా మిగిలింది.

లెక్క లేకపోతే ఏమవుతుందో మన భాషనే చూడండి. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. ప్రాథమిక బడిలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెప్తూనే ఉంది. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. తమిళం మన బతుకు భాష, నేర్వవలసిందే. తెలుగు అయ్యవారి పోస్టు నిలవాలంటే మాత్రం ఏ ఊర్లో ఎంతమంది పిల్లలు చదవాలనుకుంటున్నారో చూపాలి. పోస్టుకు ఎంత ఖర్చో, ఏ నిధిలోనుంచి ఇవ్వవచ్చో కూడా చెప్పాలి. మన సంఘాల మహజర్లలో అభిమానం నిండుగా ఉంటుంది, ఆ లెక్క ఉండదు.

కాబట్టి పిల్లలు అడిగితే చేర్పించండి. మదురైలోనూ కోయంబత్తూరులోనూ బీఏ ఎకనామిక్స్ ఉంది. లెక్కలు మాత్రం ప్లస్ టూలో వదలనివ్వకండి, పైచదువుకు కావాలి. చేరిన పిల్లలు మొదటి సెలవుల్లోనే మన ఊరికి ఒక నోటుబుక్కు తీసుకుపోండి. ఇళ్లు ఎన్ని, సేద్యంలో ఎందరు, మిల్లులో ఎందరు, బోరు ఎన్ని అడుగులు, తెలుగు చదవగలిగే పిల్లలు ఎందరు, ఇంటింటా అడిగి రాయండి.