చాయ్ అనాలా, టీ అనాలా? రెండు దారుల్లో వచ్చిన ఒకే ఆకు కథ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న గొడవ గురించి. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన గొడవే. మా మేడ్చల్ పోరగాళ్ళు "చాయ్ తాగుదాం పా" అంటారు. గుంటూరు, విజయవాడ నుంచి వచ్చిన ఫ్రెండ్స్ "టీ తాగుదాం రా" అంటారు. రెండు నిమిషాల్లో ఏది కరెక్ట్ అనే వాదన మొదలవుతుంది, తర్వాత అది ఎక్కడెక్కడికో పోతుంది. ఆన్సర్ ముందే చెప్పేస్తా: రెండూ కరెక్టే. ఎందుకంటే రెండూ చైనా మాటలే.

చైనాలో టీకి రాసే అక్షరం ఒక్కటే, పలకడం మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఉత్తరాన మాండరిన్‌లో, దక్షిణాన కాంటన్ వైపు "చా" అంటారు. ఫుజియన్ తీరంలో, షియామెన్ రేవు చుట్టుపక్కల మిన్ నాన్ భాషలో "తే" అంటారు. తైవాన్‌కి వలస వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఈ ఫుజియన్ వాళ్ళే, అందుకే అక్కడి లోకల్ భాషలో కూడా "తే"నే.

ఇప్పుడు మన ఏరియా మ్యాప్ గుర్తు తెచ్చుకోండి. మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ హైవే పోతుంది. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి. రెండూ బయల్దేరేది సికింద్రాబాద్ నుంచే, చేరే ఊళ్ళు వేరు. ఈ మాటలు కూడా అంతే. "చా" నేల మీద, వ్యాపారుల బిడారులతో మధ్య ఆసియా దాటి ఇరాన్ చేరి, ఫార్సీలో "చాయ్" అయింది. ఫార్సీ నుంచి ఉర్దూకి, ఉర్దూ నుంచి మన నోటికి. హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్ళు పెట్టినవాళ్ళు కూడా ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళే కాబట్టి ఆ మాట ఇక్కడ ఇంకా గట్టిగా నిలబడిపోయింది.

"తే" మాత్రం ఓడెక్కింది. 17వ శతాబ్దంలో డచ్ వాళ్ళు ఫుజియన్ వ్యాపారుల దగ్గర ఆ సరుకుతో పాటు ఆ మాటనీ తీసుకెళ్ళారు. యూరప్‌లో చాలా భాషలకి అక్కడి నుంచే వెళ్ళింది. ఇంగ్లిష్‌లో "టీ" అయింది. ఆ డచ్ కంపెనీకే మన మచిలీపట్నంలో 1600ల మొదట్లోనే వర్తక కేంద్రం ఉండేది.

ఇంకో విషయం. "తేయాకు" అంటాం కదా? పేపర్లో "తేనీటి విందు" అని రాస్తారు కదా? అందులో ఉన్నది తేనె కాదు, "తే". షియామెన్ రేవులో పలికిన మాట మన అచ్చ తెలుగు ఆకుతో, నీరుతో అతుక్కుని కూర్చుంది. స్వచ్ఛమైన తెలుగు అనుకుని వాడే మాట సగం చైనాది అన్నమాట.

మాటలు వచ్చాయి, మరి ఆకు ఎలా వచ్చింది? ఇక్కడ కథ కొంచెం చేదుగా మారుతుంది.

బ్రిటన్‌కి టీ పిచ్చి పట్టింది, అమ్మేది చైనా ఒక్కటే. బ్రిటన్ సరుకులు చైనాకి పెద్దగా అక్కర్లేదు, వెండి ఇవ్వమంది. వెండి పోతుంటే ఈస్ట్ ఇండియా కంపెనీ ఒక దారి కనిపెట్టింది. బీహార్, బనారస్ రైతులకి అడ్వాన్సులిచ్చి నల్లమందు పండించింది. దాన్ని కలకత్తాలో వేలం వేసేది. ప్రైవేటు వ్యాపారులు దొంగచాటుగా చైనాలో అమ్మేవాళ్ళు. ఆ డబ్బుతో టీ కొనేవాళ్ళు. అంటే లండన్‌లో ఒకావిడ తాగే కప్పు వెనక మన రైతు అప్పు ఉంది, చైనాలో ఒకడి మత్తు ఉంది.

1839లో రెండు సంగతులు జరిగాయి. జనవరిలో లండన్‌లో మొదటిసారి అస్సాం టీ వేలం వేశారు. జూన్‌లో చైనా అధికారి లిన్ జెషూ హ్యూమెన్ దగ్గర 20,000కి పైగా పెట్టెల నల్లమందుని నాశనం చేయించాడు. దాని వెనకే మొదటి నల్లమందు యుద్ధం. చైనా మీద ఆధారపడకూడదని కంపెనీ ఫిక్స్ అయిపోయింది. 1848లో రాబర్ట్ ఫార్చూన్ అనే మొక్కల నిపుణుణ్ణి పంపింది. ఆయన చైనా వేషం వేసుకుని తోటల్లో తిరిగి, వేల మొక్కల్ని, టీ చేయడం తెలిసిన పనివాళ్ళని హిమాలయాల వైపు పంపించాడు. ఈ రోజు అయితే టెక్నాలజీ దొంగతనం అని కేసు పెట్టేవాళ్ళు.

తోటలు పెరిగాయి. మంచి ఆకు ఎగుమతికి పోయేది. 20వ శతాబ్దం మొదట్లో కూడా మన దేశంలో చాలామందికి టీ అలవాటు లేదు. 1903లో ప్రభుత్వం టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టింది. తర్వాత మన దగ్గర రైల్వే స్టేషన్లలో బోర్డులు, ఊరూరా ఫ్రీ కప్పులు. ఫన్నీ ఏంటంటే, మన టీ బండ్ల వాళ్ళు పాలు, చక్కెర, మసాలా దంచి వేసి ఆకు తగ్గించేశారని ఆ ప్రచారం చేసినవాళ్ళే తల పట్టుకున్నారు. 1930ల్లో అస్సాంలో సీటీసీ మెషిన్ వచ్చింది. ఆకుని నలిపి, చింపి, చిన్న గుళికల్లా చుట్టేస్తుంది. ధర తక్కువ, రంగు ఎక్కువ, పాలల్లో మరిగించినా రుచి నిలబడుతుంది. అన్నట్టు డస్ట్ టీ అంటే ఊడ్చిన చెత్త కాదు, అది సైజు పేరు.

కాబట్టి ఆకు టీ తాగేవాళ్ళు పాల చాయ్‌ని చిన్నచూపు చూస్తే నాకు నచ్చదు. మనకి దక్కిన నలిగిన ఆకుతో మనవాళ్ళు కట్టిన రుచి అది. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరే దమ్ మీద, పాలు వేరే పొయ్యి మీద, కలిసేది కప్పులో. అది కూడా ఒక విద్యే. పైగా మసాలా గొడవ కొత్తది కాదు. 8వ శతాబ్దంలో టీ మీద పుస్తకం రాసిన లూ యూ, టీలో ఉల్లికాడ, అల్లం, పుదీనా వేసి మరిగించేవాళ్ళని చూసి అది మురికి కాలవ నీళ్ళు అని తిట్టాడు. తను మాత్రం ఉప్పు వేసుకునేవాడు!

విడి ఆకుని నీళ్ళలో నానబెట్టి తాగే పద్ధతి చైనాలో రాజ్యమేలింది ఆ తర్వాతే. 1391లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వూ, కప్పంగా అచ్చులు పోసిన టీ వద్దు, విడి ఆకే పంపండి అని ఆర్డర్ వేశాడు. అచ్చులు చేయడం జనానికి మోయలేని చాకిరీ అయిపోయిందని. మనం మిస్ అయింది ఈ రుచినే. ఒక్కసారైనా తాగి చూడండి.

తైవాన్ ఊలాంగ్‌తో మొదలుపెట్టండి. 1869లో జాన్ డాడ్ అనే వ్యాపారి రెండు ఓడల్లో న్యూయార్క్ పంపి ఫేమస్ చేసింది ఈ రకాన్నే. గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్ అన్నీ ఒకే మొక్క. ఆకుని గాలికి ఎంతసేపు వదిలారన్నదే తేడా, ఊలాంగ్ మధ్యలో ఉంటుంది.

100 మి.లీ. కప్పుకి 5 గ్రాములు. చైనా మూత కప్పు లేకపోతే చిన్న గిన్నె, మూత, వడకట్టు చాలు. మన ఎత్తుకి నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఊలాంగ్‌కి అలాగే పోసేయండి. గ్రీన్ టీకి మాత్రం ఐదారు నిమిషాలు చల్లారనివ్వండి, లేదంటే చేదెక్కుతుంది. 30 సెకన్లు ఉంచి మొత్తం వంపేయండి. అదే ఆకుకి మళ్ళీ నీళ్ళు, ప్రతిసారీ పది సెకన్లు ఎక్కువ. ఆరేడు సార్లు వస్తుంది. మన శివార్లలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటితో పెడితే పైన తెట్టు కడుతుంది, వాసన చచ్చిపోతుంది. క్యాన్ నీళ్ళు వాడండి.

తాగాక ఒక్క నిమిషం ఆగండి. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే గొంతులో తీపి వస్తుందే, అలాంటిదే వస్తుంది. చైనా వాళ్ళు దాన్ని "హుయ్ గాన్" అంటారు, తిరిగొచ్చే తీపి అని. చివర్లో గిన్నెలో చూడండి. గుండ్రంగా చుట్టుకున్నది విప్పుకుని కాడతో సహా పూర్తి ఆకు కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి టీ తాగుతున్నాం, మనలో ఎంతమంది తేయాకు చూశాం చెప్పండి?

తైవాన్‌ది ఖరీదెక్కువ అనిపిస్తే డార్జిలింగ్ పూర్తి ఆకు తీసుకోండి. 1841లో అక్కడ క్యాంప్‌బెల్ నాటింది కూడా చైనా విత్తనాలే.

మీ ఇంట్లో ఏమంటారు, చాయా, టీనా? ఏ ఊరో కూడా కామెంట్‌లో రాయండి, మ్యాప్ గీద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.