గొళ్లెము ఏ వైపున?

వీథి ప్రక్కను పరుండిన నిరుపేదను లేపి శరణాలయమునకు పంపి, మఱునాటి రాత్రి వానిని మరల ఆ తావుననే చూచినపుడు మనకు కోపము కలుగును. ‘వీనికి మేలు చేసినను నిలుపుకొనలేడు’ అని పెదవి విఱుతుము. ఈ తీర్పు న్యాయమైనదేనా? ఇంగ్లండు దేశ చరిత్రను చూతము.

అచ్చట 1824లో నొక శాసనము పుట్టెను. జీవనాధారమేదియు చూపలేక ఆరుబయట నిద్రించువాడు దేశదిమ్మరిగా నెంచబడి దండనకు పాత్రుడయ్యెను. 1834లో దరిద్రపోషణ శాసనము నూతనముగ వెలువడెను. శరణాలయములోని బ్రదుకు బయటి నిరుపేద కూలివాని బ్రదుకుకంటె కష్టముగా నుండవలెననుట దాని మూలసూత్రము. సుఖమున్నచో జనులు సోమరులగుదురని శాసనకర్తల భయము. పిదప, ఒక రాత్రి తలదాచుకొన వచ్చు దిక్కులేనివారికి ‘కాజువల్ వార్డు’లను ప్రత్యేకపు తావు లేర్పడెను.

1866 జనవరిలో జేమ్సు గ్రీన్‌వుడ్ అను పత్రికా రచయిత చింపిగుడ్డలు దాల్చి, లండనునందలి లాంబెత్ శరణాలయమున నొక రాత్రి గడపెను. పెక్కురు స్నానమాడిన మురికినీరు, చలిగాలి చొచ్చు కొట్టము, క్రిక్కిఱిసిన పడకలు, ఇవి యాతడు చూచినవి. ఆతని వ్రాత ‘పాల్ మాల్ గెజెట్’ పత్రికలో వెలువడి చదువరులను కలచివైచెను.

అయినను మురికికంటె పెద్ద బాధ వేఱొకటి కలదు. 1882 నాటి శాసనము ప్రకారము సోమవారము సాయంకాలము చేరినవానికి బుధవారము ఉదయము 9 గంటలకు గాని విడుదల లేదు. నెలలోపల మరల వచ్చెనా, నాలుగు రాత్రుల నిర్బంధము. భార్యాభర్తలు వేఱువేఱు గదులలో నుండవలెను. పడకకు బదులుగా రాళ్లు పగులగొట్టవలెను, లేదా తారు పట్టిన పాతత్రాళ్లను వ్రేళ్లతో పీచుగా విప్పవలెను. ఓడరేవులలో కూలి కుదురునది ఉదయముననే. అట్టివానికి మంగళవారపు కూలి పోయెను, బుధవారపు కూలియు పోయెను. ఆ రాత్రి పడకకు చేత కాసు లేదు. 1892లో విడుదల వేళను కొంత సడలించిరి గాని నిర్బంధము తొలగలేదు. ఆశ్రయమే నిరాశ్రయతను పెంచుచుండగా, వాడు వీథినే కోరుకొనుటలో వింత యేమి? 1902లో అమెరికా రచయిత జాక్ లండన్ వైట్‌చాపెల్ వార్డులో చేరి, మఱునాడే ద్వారము తెఱచియుండుట చూచి పారిపోయెను.

1948 శాసనముతో ఆ పాత దరిద్రపోషణ విధానము అంతరించెను. ‘ముందు నడవడి దిద్దుకొనుము, పిదప ఇల్లు’ అను భావము మాత్రము పలు దేశములలో మిగిలెను. 1992లో న్యూయార్కు నగరమున సామ్ త్సెంబెరిస్ అను మనస్తత్వవేత్త ఆ వరుసను తలక్రిందు చేసెను: ముందు ఇల్లు, వెనుక కోరినవారికి చికిత్స. ఫిన్లండు 2008 నుండి ఈ మార్గమునే దేశనీతిగా గైకొని, పాత శరణాలయములను చిన్న చిన్న యిండ్లుగా మార్చెను. చిరకాలము నిరాశ్రయులై యున్నవారి సంఖ్య అచ్చట మిక్కిలి తగ్గెను.

తన తాళపుచెవి, తన వేళ, తన తోడు, ఇవి మనకెంత ప్రియమో నిరుపేదకును అంతే ప్రియము. వీథికి మరలినవానిని కృతఘ్నుడని దూషింపకముందు, మనమిచ్చిన గదికి గొళ్లెము లోపల నున్నదో, వెలుపల నున్నదో చూచుకొనుట మన ధర్మము.